ఎదుటివారి కంటి దగ్గర కొలవాల్సిన వెలుగు

గత సంవత్సరం ఒక రాత్రి, డివైడర్ లేని రెండు వరుసల రోడ్డు మీద, గంటకు 60 కిలోమీటర్ల వేగంతో కారు నడుపుతున్నాను. పక్క సీటులో మా అబ్బాయి ఉన్నాడు. ఎదురుగా ఎత్తైన కారు ఒకటి, నీలి ఛాయ కలిసిన తెల్లని దీపాలతో వస్తోంది. హైబీమ్‌తో వస్తోందనుకుని, డిమ్ చేయమన్నట్టుగా నా లైట్లు ఒకసారి ఆర్పి వెలిగించాను. జవాబుగా ఆ డ్రైవరు తన అసలు హైబీమ్‌ను ఒక్క క్షణం చూపించాడు. అంటే అప్పటిదాకా నా కళ్ళలో పడుతున్నది ఆ కారు లోబీమే. అది దగ్గరయ్యేకొద్దీ రోడ్డు అంచు గీత, చెట్ల మొదళ్ళు, ముందున్న తారు అన్నీ తెల్లని పొగలో కలిసిపోయాయి. "నాన్నా, సైకిల్!" అని మా అబ్బాయి అరిచేదాకా, మా ముందు అదే దిశలో వెళ్తున్న సైకిలు నాకు కనిపించలేదు. బ్రేకు సమయానికే పడింది, ఎవరికీ ఏమీ కాలేదు. ఆ సైకిలు మీది మనిషి వెనుదిరిగి చూడలేదు. మేము ఎంత దగ్గరగా వచ్చి ఆగామో ఆయనకు ఇప్పటికీ తెలియదు.

ఆ రాత్రి నుంచి నన్ను వదలని ప్రశ్న ఒకటుంది. ఇద్దరం ఒకే అద్దం వెనక కూర్చుని, ఒకే దీపాల వైపు చూస్తున్నాం. వాడికి కనిపించిన సైకిలు నాకెందుకు కనిపించలేదు? నాకు 58 ఏళ్ళు, వాడికి ఇంకా 20 నిండలేదు. నా అజాగ్రత్తే కారణమని మొదట అనుకున్నాను, అందులో కొంత నిజం ఉండవచ్చు కూడా. అయితే చదివినకొద్దీ తెలిసినదేమిటంటే, ఆ తెల్లని పొగ రోడ్డు మీద లేదు, నా కంటి లోపల ఉంది.

కంటిలోకి వచ్చిన వెలుగంతా సూటిగా రెటీనా మీద ఒకే చోట పడదు. కార్నియాలోనూ, కటకంలోనూ, లోపలి ద్రవంలోనూ కొంత చెదిరి, రెటీనా అంతటా పలుచని పొరలా పరుచుకుంటుంది. మసక వెలుగులో ఉన్న మనిషికీ అతని వెనకున్న చీకటికీ మధ్య తేడా అసలే తక్కువ. ఈ పొర ఆ రెండింటి మీదా సమానంగా పడడంతో ఆ కాస్త తేడా కూడా చెరిగిపోతుంది. హాలడే, స్టైల్స్ అనే పరిశోధకులు 1920లలోనే దీనికి లెక్క కట్టారు. ఈ పొర ఎంత చిక్కగా ఉంటుందన్నది కంటి మీద పడే వెలుగును బట్టి పెరుగుతుంది, మనం చూస్తున్న దిశకూ దీపానికీ మధ్య ఉన్న కోణం వర్గాన్ని బట్టి తగ్గుతుంది. అంటే చూపును దీపానికి రెట్టింపు కోణం దూరం జరపగలిగితే పొర నాలుగో వంతుకు పలచబడుతుంది. తరువాతి కాలంలో అంతర్జాతీయ కాంతి కమిషన్ ఈ సూత్రానికి వయసును కూడా చేర్చింది. దాని ప్రకారం 70 ఏళ్ళ కంటిలో ఈ చెదురు, యువకుల కంటిలో ఉన్నదానికి రెట్టింపు. నా వయసు వేసి చూస్తే సుమారు ఒకటిన్నర రెట్లు వచ్చింది. శుక్లాలు మొదలైన వారికి ఇది ఇంకా ఎక్కువగా ఉంటుంది.

ఇక్కడ రెండు వేరువేరు విషయాలను మనం తరచూ కలిపేస్తుంటాం. కళ్ళు నొచ్చుకోవడం, మొహం పక్కకు తిప్పుకోవాలనిపించడం ఒకటి. చూపు నిజంగా తగ్గిపోవడం మరొకటి. ఒకే కొలత వెలుగైనా, నీలం పాలు ఎక్కువైతే కంటికి మరింత గుచ్చుకుంటుందని ప్రయోగాలు చెబుతున్నాయి. కానీ చూపు తగ్గడం రంగు మీద కంటే, కంటిలో పడిన మొత్తం వెలుగు మీదే ఎక్కువగా ఆధారపడుతుంది. ఫ్రాన్సు 1930ల నుంచి 1993 దాకా కార్లకు పసుపు దీపాలనే తప్పనిసరి చేసింది. వాటి వల్ల ఎదుటివారి కళ్ళకు కొంత హాయి ఉన్నప్పటికీ, భద్రతలో చెప్పుకోదగ్గ తేడా తేలలేదు. రాత్రి డ్రైవింగ్ కోసమంటూ అమ్మే పసుపు కళ్ళజోళ్ళ సంగతీ అంతే. 2019లో ఒక నేత్ర వైద్య పత్రికలో వచ్చిన పరిశోధనలో, హెడ్‌లైట్ల వెలుగుకు ఎదురుగా పాదచారులను గుర్తించడంలో అవి ఏమీ సాయపడలేదు. అసలే చీకటిగా ఉన్న రోడ్డు నుంచి మరికొంత వెలుగును తీసేసే అద్దం చూపును ఎలా పెంచుతుంది? ఎవరైనా వాటిని కొనబోతుంటే ఆపమని నా మనవి.

దీపాలు మారిన మాట మాత్రం నిజం. హాలొజన్ బల్బు 55 వాట్లు తీసుకుని 1000 నుంచి 1500 ల్యూమెన్ల (దీపం ఇచ్చే మొత్తం వెలుగుకు కొలత) దాకా ఇస్తుంది, దాని రంగు 3200 కెల్విన్ల (అంకె పెరిగినకొద్దీ నీలి ఛాయ పెరిగే కొలత) దగ్గర, సాయంకాలపు ఎండలా ఉంటుంది. 1991లో కార్లలోకి వచ్చిన జినాన్ దీపం 35 వాట్లతోనే 3000 ల్యూమెన్లు దాటింది. 2000ల రెండో సగంలో ఎల్ఈడీ లోబీమ్‌లు వచ్చాయి. వాటి రంగు తరచుగా 5500 నుంచి 6000 కెల్విన్లు. వెలుగు వెలువడే భాగం చాలా చిన్నది, అందువల్ల చూసేవారికి అది మండే చుక్కలా కనిపిస్తుంది. యూరప్‌తో పాటు అనేక దేశాలు పాటించే ఐక్యరాజ్య సమితి నిబంధనల్లో, దీపం 2000 ల్యూమెన్లు దాటితే కారు బరువుకు తగ్గట్టు దానంతట అదే వంగే ఏర్పాటూ, దీపం అద్దం కడిగే ఏర్పాటూ ఉండాలనే షరతు చాలాకాలం ఉంటూ వచ్చింది. ఆ హద్దుకు కాస్త కింద ఆగిపోయే ఎల్ఈడీ దీపానికి ఆ షరతు కింద ఆ రెండూ అక్కర్లేకపోయాయి. ఎదుటివారి కళ్ళను కాపాడే ఏర్పాటును ల్యూమెన్ల లెక్కతో ముడిపెట్టడం పొరపాటని నాకు గట్టిగా అనిపిస్తుంది, ఎందుకంటే ఎదుటివారిని గుడ్డివారిని చేసేది దీపంలో ఉన్న మొత్తం వెలుగు కాదు, దాని దిశ.

లోబీమ్‌ను గోడ మీద వేసి చూస్తే పైన చీకటి, కింద వెలుగు, రెండింటి మధ్య కత్తితో కోసినట్టు ఒక గీత కనిపిస్తుంది. యూరప్‌లో 1957 నుంచి ఈ గీత రోడ్డు అంచు వైపు కొంచెం పైకి లేస్తుంది, పాదచారి కనబడాలని. ఎదుటి వాహనాల వైపు మాత్రం అది దిగువనే ఉండాలి. ఎదుటి డ్రైవరు కన్ను ఉండే దిశలో, 25 మీటర్ల దూరంలో కొలిస్తే, చాలాకాలం పాటు అనుమతించిన గరిష్ఠ వెలుగు 0.4 లక్స్ (ఒక చోట పడే వెలుగుకు కొలత), నిండు పున్నమి వెన్నెల కంటే కాస్త ఎక్కువ, అంతే. ఒక దిశలో దీపం తీవ్రతను కొలిచే క్యాండెలాలలో చెబితే అది 250. గీతకు కొంచెం కింద, అదే దీపం తీవ్రత పదివేల క్యాండెలాలు దాటడం మామూలు విషయం. వెన్నెలకూ మిరుమిట్లకూ మధ్య ఉన్న దూరం దాదాపు ఒక్క డిగ్రీ అన్నమాట. పాత హాలొజన్ దీపాల గీత కొంచెం మెత్తగా, అలుక్కుపోయినట్టు ఉండేది. కొత్త దీపాల గీత ఎంత పదునైనదంటే, సరిగా అమర్చితే పాతవాటి కంటే మర్యాదగా ఉంటుంది, డిగ్రీ తప్పితే పాతవాటి కంటే క్రూరంగా ఉంటుంది.

ఈ లెక్క అర్థమయ్యాక, ఎవరినీ నిందించే ముందు నా కారునే చూడాలనుకున్నాను. చదునైన నేల మీద, గోడకు సరిగ్గా 10 మీటర్ల దూరంలో నిలిపి, దీపం మధ్యభాగం నేల నుంచి ఎంత ఎత్తులో ఉందో కొలిచాను. 80 సెంటీమీటర్లు. మా కారుకు ఒక్క శాతం వాలు ఉండాలని దీపం దగ్గరి లేబుల్ మీద రాసి ఉంది, అంటే గోడ మీద గీత దీపం ఎత్తుకు 10 సెంటీమీటర్లు కింద పడాలి. కుడి దీపం గీత అలాగే పడింది. ఎడమ దీపం గీత దీపం ఎత్తుకు 7 సెంటీమీటర్లు పైన ఉంది. తేడా 17 సెంటీమీటర్లు, 10 మీటర్లకు ఇంచుమించు ఒక డిగ్రీ. అది అలా పైకి పోతూ 50 మీటర్ల దగ్గర 115 సెంటీమీటర్ల ఎత్తుకు చేరుతుంది. మామూలు కారులో కూర్చున్న మనిషి కళ్ళు ఇంచుమించు అక్కడే ఉంటాయి. రెండేళ్ళ కిందట చిన్న దెబ్బ తగిలినప్పుడు ఆ వైపు దీపం పెట్టెను మార్పించాను. బిగించినవారు గీతను చూడలేదు, చూశారా అని నేనూ అడగలేదు. ఈ రెండేళ్ళలో నాకు ఎదురుగా వచ్చి లైట్లు ఆర్పి వెలిగించిన వారందరూ నాకు గుర్తొచ్చారు. వాళ్ళకు చిరాకెక్కువని అనుకున్నాను గానీ, వాళ్ళు చెప్పేది నిజమేమోనని ఒక్కసారీ అనుకోలేదు.

డ్రైవరు సీటులో కూర్చున్న వారికి ఈ తప్పు తెలిసే దారి లేదు. పైగా గీత లేచినకొద్దీ దూరం బాగా కనిపించి, దీపం మెరుగ్గా ఉందనిపిస్తుంది. వెనక డిక్కీలో బరువు వేసినప్పుడు కారు ముక్కు లేస్తుంది. అందుకే చాలా కార్లలో స్టీరింగు పక్కన 0 నుంచి 3 దాకా అంకెలున్న చిన్న చక్రం ఉంటుంది. బరువు పెరిగినప్పుడు దాన్ని తిప్పి దీపాలను దించాలని చెప్పేవారు లేక, అది ఉన్నట్టే చాలామందికి తెలియదు.

హాలొజన్ కోసం తయారైన పెట్టెలో ఎల్ఈడీ బల్బు పెట్టించుకునేవారి విషయం ఇంతకంటే తీవ్రమైనది. ఆ పెట్టెలోని అద్దపు వంపు, సన్నని తీగ ఒకటి మిల్లీమీటరులో భాగాల ఖచ్చితత్వంతో ఒకే చోట ఉంటుందన్న లెక్క మీద తయారైనది. తీగ అన్ని వైపులకూ వెలుగునిస్తే, ఎల్ఈడీ బల్బులోని చిప్పులు ప్రధానంగా రెండు పక్కలకు ఇస్తాయి. వంపు లెక్క తప్పి గీత చెదిరిపోతుంది, వెలుగు పైకి చిమ్ముతుంది. స్క్రూ తిప్పితే సరిపోయే తప్పు కాదిది. ఆ కారుకు ఆమోదం పొందిన బల్బు అయితే తప్ప అలాంటి మార్పు చేయించవద్దు.

దీపాల ఎత్తు మరో చిక్కు. లోబీమ్ దీపం నేల నుంచి 120 సెంటీమీటర్ల దాకా ఉండవచ్చని ఆ ఐక్యరాజ్య సమితి నిబంధనలే అంటాయి. అలాంటి వాహనం సిగ్నలు దగ్గర చిన్న కారు వెనక ఆనుకుని ఆగితే, గీత ఎంత సరిగ్గా ఉన్నా ఆ వెలుగు ముందు కారులో వెనక్కి చూసే అద్దాలలోనే పడుతుంది. ఈ ఎత్తు తగ్గించాలన్నదే నా అభిప్రాయం.

ఇంత చెప్పాక, మంచి దీపాలు ప్రాణాలు కాపాడుతున్నాయన్న మాటను దాచడం న్యాయం కాదు. అమెరికాలో బీమా సంస్థల నిధులతో నడిచే రహదారి భద్రతా సంస్థ ఐఐహెచ్ఎస్ 2016లో హెడ్‌లైట్లకు మార్కులివ్వడం మొదలుపెట్టింది. మొదట పరీక్షించిన 31 మధ్యస్థాయి కార్లలో ఒక్కటే 'మంచిది' అనిపించుకుంది. తరువాత 2021లో ఆ సంస్థ లెక్కలు తీస్తే, నాసిరకం దీపాలున్న వాటితో పోల్చినప్పుడు మంచి దీపాలున్న కార్లకు రాత్రిపూట మరో వాహనం ప్రమేయం లేకుండా జరిగే ప్రమాదాలు 19 శాతం, పాదచారులను ఢీకొన్న ప్రమాదాలు 23 శాతం తక్కువగా తేలాయి. ఎదుటివారి కళ్ళలో హద్దు మించి వెలుగు పడితే ఆ పరీక్షలో మార్కులు తగ్గిస్తారని గమనించాలి. బాగా చూపించే దీపమూ, ఎదుటివారిని బాధించని దీపమూ ఒకటే కావచ్చునని అక్కడే రుజువైంది. ఎదురుగా వచ్చే వాహనాన్ని కెమెరాతో గుర్తించి, హైబీమ్‌లో దాని మేరకు మాత్రమే చీకటి చేసే దీపాలు యూరప్‌లో 2010ల మొదటి నుంచి ఉన్నాయి, అమెరికా 2022లో అనుమతించింది. మలుపులోనూ, రోడ్డు గట్టు ఎక్కే చోటా కెమెరా చూసేలోపే ఎదుటివారి కళ్ళలో ఒక మెరుపు పడుతుంది గానీ, సరైన దారి ఇదేనని నా నమ్మకం.

ఆ సైకిలు ఘటన తరువాత నేను కారు నడిపే తీరు కొంత మారింది. ఎదుటి దీపాలు గుచ్చుకోగానే హైబీమ్‌తో బదులివ్వడం మానేశాను, ఒకరికి కనిపించని రోడ్డు ఇద్దరికీ కనిపించకుండా పోవడం తప్ప దానివల్ల ఒరిగేదేమీ లేదు. చూపును నా వైపు రోడ్డు అంచు గీతకు జరుపుతాను, కోణం పెరిగితే పొర పలచబడుతుందన్న లెక్క గుర్తుపెట్టుకుని. దానికంటే ముఖ్యంగా, యాక్సిలరేటరు మీద నుంచి కాలు తీస్తాను. గంటకు 80 కిలోమీటర్ల వేగంలో కారు సెకనుకు 22 మీటర్లు పోతుంది. కళ్ళు తేరుకోవడానికి 3 సెకన్లు పడితే 66 మీటర్లు, ఏమీ చూడకుండానే. విండ్‌షీల్డు లోపలి వైపు పట్టే సన్నని జిడ్డు పొరను వారానికొకసారి తుడుస్తున్నాను, అది కూడా కంటి కటకం లాగానే వెలుగును చెదరగొడుతుంది. కళ్ళ పరీక్ష కూడా చేయించుకున్నాను. శుక్లాలు ఇంకా లేవు, కళ్ళజోడు నంబరు మాత్రం మారింది.

దీపం సరిచేయించే ముందు ఒక రాత్రి, దూరంగా ఒక్క స్తంభం దీపం మాత్రమే వెలుగుతున్న ఖాళీ మైదానంలో కారు నిలిపి, లోబీమ్ వేసి, 50 మీటర్ల అవతల కుర్చీ వేసుకుని దానికి ఎదురుగా కూర్చున్నాను. మా అబ్బాయి కారు పక్కన, ఎడమ దీపానికి రెండడుగుల దూరంలో నిలబడ్డాడు. "చెయ్యి ఊపుతున్నాను నాన్నా, కనిపిస్తోందా?" అని ఫోనులో అడిగాడు. నాకు దీపం తప్ప ఇంకేమీ కనిపించలేదు. మర్నాడు వర్క్‌షాపులో దీపం వెనక ఉన్న స్క్రూను తిప్పి, గీతను 17 సెంటీమీటర్లు దించారు, పని పది నిమిషాలు కూడా పట్టలేదు. ఆ రాత్రి మళ్ళీ అదే మైదానంలో, అదే చోట కుర్చీ వేసుకుని కూర్చున్నాను. ఈసారి వాడు ఫోను చేసేలోపే, వాడు ఏ చెయ్యి ఎత్తాడో చెప్పగలిగాను.