మాత్రల సంచి అడిగిన సిస్టర్

నాకు డెబ్బై దాటాయి. షుగరు, బీపీ ఉద్యోగంలో ఉండగానే వచ్చాయి, మోకాళ్ల నొప్పులు రిటైరయ్యాక తోడయ్యాయి. ఒక్కో జబ్బుకు ఒక్కో డాక్టరు, ఒక్కో ఫైలు.

నిరుడు వానాకాలంలో రాత్రిళ్లు పడుకుంటే ఊపిరి ఆడేది కాదు. దిండు మీద దిండు పెట్టుకున్నా లేచి కూర్చోవలసి వచ్చేది. పాదాలు ఉబ్బి చెప్పులు పట్టలేదు. ఆసుపత్రిలో చేరిస్తే ఎకో (గుండె స్కానింగు) తీసి, గుండె బలహీనపడిందని, ఒంట్లో నీరు చేరిందని చెప్పారు. ఇంజక్షన్లతో నీరు తీశారు, ఆయాసం తగ్గింది.

ఆ వార్డులో పగటి డ్యూటీ సిస్టర్ మా ఆవిడతో, "అమ్మా, మాస్టారు ఇంట్లో వేసుకునే మాత్రలన్నీ తీసుకురండి. ఆకు పసరైనా, చూర్ణమైనా సరే, ఏదీ వదలకండి" అంది. తెచ్చిన సంచిని మంచం మీద బోర్లించి ఒక్కో అట్టా తిప్పి పేరు చదివింది. డైక్లోఫెనాక్ అట్ట దగ్గర ఆగి, "ఇది రోజూ వేసుకుంటారా?" అని అడిగింది. మోకాళ్లకు రాసిచ్చిన మాత్ర అది. అలాంటి నొప్పి మాత్రలు ఒంట్లో ఉప్పును, నీటిని నిలవబెడతాయి, మూత్రపిండాలనూ దెబ్బతీస్తాయి. ఆమె అట్ట పట్టుకెళ్లి డాక్టరుకు చూపించింది. ఆయన వెంటనే మాన్పించి పారాసెటమాల్ రాశారు. అన్నాళ్లలో నా జబ్బులన్నింటినీ ఒక్క మనిషివిగా చూసింది ఆమె ఒక్కతే.

రోజూ కాలి ఎముక మీద బొటనవేలితో కాసేపు నొక్కి పట్టి తీసేది. మొదట్లో అక్కడ గుంట పడి చాలాసేపటికి గానీ పూడేది కాదు. కాలి వేళ్ల సందులు విప్పి చూసేది, షుగరు ఉన్నవాళ్లకు అక్కడ పుండు పడినా నొప్పి తెలియదని. మంచం దిగే ముందు అంచున కాసేపు కూర్చోమనేది. నీరు పోయే మాత్ర రెండో పూటది మధ్యాహ్నమే వేసుకోవాలని, సాయంత్రం వేసుకుంటే రాత్రి పదేపదే లేచి చీకట్లో తూలి పడతారని చెప్పింది.

ఉప్పు తగ్గించమని అందరూ అంటారు. ఆవకాయ, అప్పడాలు, ఒడియాలు, చల్ల మిరపకాయల సంగతి అడిగింది మాత్రం ఆమే. సోడియం తక్కువని అమ్మే ఉప్పు సొంతంగా వాడవద్దంది. అందులో పొటాషియం ఉంటుంది, నా మాత్రల్లో ఒకటి కూడా దాన్ని పెంచేదే, రెండూ కలిస్తే అది ప్రమాదకరంగా పెరగవచ్చు.

ఇవన్నీ చెప్పే తీరిక నర్సులకు ఉండదు. ఒక్కరే ఎన్ని మంచాలు చూస్తారో కళ్లారా చూశాను. డిశ్చార్జి రోజున బిల్లు వివరించడానికి మనిషిని పెట్టే ఆసుపత్రులు, మందులు వివరించడానికి ఒక నర్సును అరగంట కూర్చోబెట్టలేవా? ముసలివాళ్ల విషయంలో అది దయ కాదు, వైద్యమే.

ఇప్పుడు ఒక్క దిండుతో నిద్రపడుతోంది. పొద్దున రైతుబజారు దాకా నడిచి వస్తున్నాను. లేవగానే మూత్రానికి వెళ్లి వచ్చి, ఏమీ తినకముందే బరువు చూసి క్యాలెండరులో ఆ తేదీ గడిలో రాస్తాను. రోజులో కిలోకు పైగా, వారంలో రెండు కిలోలకు పైగా పెరిగితే ఆయాసం వచ్చేదాకా ఆగకుండా ఫోను చేయమని ఆమె చెప్పింది. సంక్రాంతి దాటాక ఒకరోజు కిలోన్నర పెరిగింది. ఒంట్లో ఏ ఇబ్బందీ లేదు, అయినా ఫోను చేశాం. డాక్టరు నీరు పోయే మాత్ర మోతాదు కొన్నాళ్లు పెంచారు. బరువు దిగింది, ఆసుపత్రిలో చేరవలసిన పని లేకపోయింది.