బాల్కనీ మూలలో నా వర్క్‌బెంచ్

డైనింగ్ టేబుల్ మీద చెక్క కోసిన ప్రతిసారీ నాకు నడుం పట్టేసేది, ఇంట్లోవాళ్లకు కోపం వచ్చేది. రెండోదానికి భయపడే సొంతంగా ఒక వర్క్‌బెంచ్ చేసుకుందామనుకున్నాను. దొరికిన చోటు బాల్కనీలో ఓ మూల, మీటరు పొడవు, అర మీటరు వెడల్పు.

మొదట గోడకు మడిచిపెట్టే బల్ల గీశాను. కాగితం మీద ముచ్చటగానే ఉంది. కానీ అద్దె ఇల్లు, గోడకు కన్నాలు పెడితే ఓనరు ఊరుకోరు. కాళ్ల బల్లే ఖాయం చేశాను.

ఎత్తు తేల్చడానికి 75 సెంటీమీటర్ల డైనింగ్ టేబుల్ మీద పుస్తకాలు పేర్చి, పైన పలక వేసి, రంపం ఆడించి చూశాను. ఇంకో 12 సెంటీమీటర్లు పెరిగాక నడుం వంచాల్సిన పని లేకపోయింది. నిటారుగా నిలబడి చెయ్యి వదిలేస్తే నా మణికట్టు సరిగ్గా అక్కడికే వస్తోంది.

పలక కోసం 18 మిల్లీమీటర్ల ప్లైవుడ్ ముక్కలు రెండు అతికించాను. నేను బోల్తా పడింది ఇక్కడే. జిగురు పూసి, పైన 20 లీటర్ల నీళ్ల క్యాన్లు మూడు ఎక్కించి పడుకున్నాను. తెల్లారి చూస్తే పై ముక్క నాలుగు మిల్లీమీటర్లు పక్కకు జారి అలాగే ఆరిపోయింది. తడి జిగురు సబ్బులా జారుతుందని తట్టనే లేదు. ముందే రెండు మూలల్లో స్క్రూలు బిగిస్తే సరిపోయేది. అంచులు మళ్లీ కోసి సరిచేసేసరికి ఆదివారం కాస్తా అయిపోయింది.

ఇల్లు మారేటప్పుడు విప్పుకోవచ్చని కాళ్లను బోల్టులతో బిగించాను. పక్క నుంచి తోస్తే బల్ల తాగినవాడిలా ఊగింది. బోల్టులు ఎంత బిగించినా అంతే. కాళ్లు సన్నమయ్యాయేమోనని లావు కర్రలు కొనబోయాను కూడా. తర్వాత వెలిగింది: నాలుగు కర్రల చట్రం మూలల దగ్గర ఎటైనా ఒరుగుతుంది, మూడు కర్రలది ఒరగదు. వెనక కాళ్ల మధ్య ఐమూలగా ఒక కర్ర బిగించగానే ఆ చట్రం రెండు త్రిభుజాలైంది, ఊగడం ఆగింది. కింది అరలో పనిముట్ల పెట్టె పెట్టాక చిత్రిక పట్టినా బల్ల జరగడం లేదు.

కింది ఫ్లాటువాళ్ల కోసం కాళ్ల కింద రబ్బరు ముక్కలు వేశాను. ఉలి పని బల్ల మధ్యలో కాకుండా సరిగ్గా దాని కాలికి పైన పెట్టుకుంటే దెబ్బ వృథా పోదు, పలక డోలులా మోగదు.

ఒక కాలు రెండు మిల్లీమీటర్లు పొట్టి. దాని కింద రబ్బరు రెండు పొరలు. ఇంట్లోవాళ్లకు ఇప్పుడు బల్ల మీద కోపం లేదు, పైన పూలకుండీలు పెట్టుకున్నారు. రంపం పట్టే ముందు నేను వాటిని ఒక్కొక్కటే దించుకోవాలి.