మోటారు స్టార్టర్ బోర్డుకు కాయిల్ ఎంచుకున్న తీరు: నా అనుభవం

బోరు మోటారును ఫోన్ నుంచే ఆన్, ఆఫ్ చేసే మొబైల్ స్టార్టర్లకు నేను బోర్డులు రూపొందిస్తుంటాను. బోరులో నీళ్లు లేనప్పుడు మోటారు ఊరికే తిరిగి కాలిపోకుండా, దాని కరెంటును సీటీ (తీగలో పారే కరెంటును కొలిచే చిన్న ట్రాన్స్‌ఫార్మర్) ద్వారా కొలిచి సమయానికి ఆపేయడం ఆ బోర్డు చేయవలసిన ముఖ్యమైన పని. అలాంటిది, కొత్త నమూనాలో మోటారు ఆగి ఉన్నా రీడింగు 0.4 ఆంపియర్లు చూపించసాగింది. రెండు రోజులు ప్రోగ్రాంలోనే తప్పు వెతికాను. చివరికి, 12 వోల్టులను జీఎస్ఎం మోడెంకు కావలసిన 4 వోల్టులుగా మార్చే బక్ కన్వర్టర్ కాయిల్‌ను ఊడదీసి, రెండు తీగముక్కలతో కాస్త ఎడంగా అతికించగానే రీడింగు సున్నాకు పడిపోయింది. దాన్ని మళ్లీ సీటీ దగ్గరికి తెచ్చి వేళ్లతో తిప్పుతుంటే, తిప్పిన కోణాన్ని బట్టి అంకె పెరుగుతూ తగ్గుతూ వచ్చింది.

నేను వాడింది డమరుకం ఆకారంలో ఉండే డ్రమ్ కోర్ కాయిల్. దాని అయస్కాంత క్షేత్రం ఒక చివర నుంచి మరో చివరకు గాలిలోంచే చేరుతుంది కాబట్టి, దారిలో సీటీ ఉంటే దాన్నీ తాకుతుంది. షీల్డెడ్ కాయిల్‌లో చుట్టూ ఫెర్రైట్ (అయస్కాంత గుణమున్న పింగాణీ లాంటి పదార్థం) గోడ ఉండి ఆ క్షేత్రాన్ని చాలావరకు లోపలే తిప్పుతుంది.

కొత్త కాయిల్‌కు ఉండవలసిన ఇండక్టెన్సు, అంటే కరెంటు మార్పును అడ్డుకునే గుణం, ఎంతో తేల్చడం కష్టం కాలేదు. స్విచింగ్ 500 కిలోహెర్ట్జ్, డ్యూటీ (ప్రతి ఆవృత్తిలో స్విచ్ ఆన్‌లో ఉండే భాగం) మూడో వంతు. మోడెం ప్రసారం చేసేటప్పుడు లాగే 2 ఆంపియర్లలో 30 శాతాన్ని రిపుల్‌గా (కాయిల్ కరెంటులో వచ్చే ఎగుడుదిగుడుగా) అనుమతిస్తే 8.9 మైక్రోహెన్రీలు వచ్చింది కనుక 10 తీసుకున్నాను. దానితో రిపుల్ 0.53 ఆంపియర్లకు తగ్గి, గరిష్ఠ కరెంటు 2.27 దగ్గర ఆగుతుంది. పాత కాయిల్ కొలతలోనే, సాచురేషన్ కరెంటు (కోర్ ఇక ఫ్లక్స్ మోయలేక ఇండక్టెన్సు పడిపోయే కరెంటు) 2.5 ఆంపియర్లని రాసి ఉన్న షీల్డెడ్ ఫెర్రైట్ కాయిల్ దొరికితే, సరిపోతుందనుకుని అతికించేశాను. సీటీ రీడింగు కుదుటపడింది.

అయితే మే నెల మధ్యాహ్నాల్లో, ఎండలో కాగిన రేకు డబ్బాలో, సిగ్నల్ అందక మోడెం పూర్తి బలంతో ప్రసారం చేసే చోట్ల బోర్డు తనంతట తానే రీసెట్ కావడం మొదలైంది. కాయిల్ ఒక కాలు లేపి, మధ్యలో తీగ కలిపి, దానికి కరెంటు ప్రోబ్ తగిలించి, హెయిర్ డ్రయ్యర్‌తో వేడి చేస్తూ స్కోపులో చూశాను. చల్లగా ఉన్నప్పుడు చక్కని త్రిభుజంగా ఉన్న తరంగం, వేడెక్కేకొద్దీ కొన దగ్గర పైకి వంగి ముల్లులా లేచింది. ఆ ముల్లు 3.5 ఆంపియర్లకు చేరగానే కన్వర్టర్‌ను నడిపే ఐసీ తన పరిమితి ప్రకారం కరెంటును కోసేస్తోంది, 4 వోల్టులు కుంగిపోతున్నాయి.

అప్పుడు డేటాషీట్‌ను నిదానంగా చదివాను. ఆ 2.5 ఆంపియర్లు 25 డిగ్రీల దగ్గర, ఇండక్టెన్సు అప్పటికే 30 శాతం పడిపోయిన చోట ఇచ్చిన అంకె. కొందరు తయారీదారులు 20 శాతం పతనం దగ్గరే ఇస్తారు కనుక రెండు డేటాషీట్ల అంకెలను పక్కపక్కన పెట్టి పోల్చడమూ కుదరదు. వేడితో ఫెర్రైట్ మోయగల ఫ్లక్స్ (అయస్కాంత ప్రవాహం) తగ్గుతుంది, పైగా ఒక హద్దు దాటాక అది నెమ్మదిగా కాక ఒక్కసారిగా చేతులెత్తేస్తుంది. అదే పరిమాణంలో షీల్డెడ్ కాయిల్ సాధారణంగా డ్రమ్ కాయిల్ కంటే తక్కువ కరెంటుకే సాచురేట్ అవుతుందన్న సంగతి కూడా నేను ముందే ఆలోచించి ఉండవలసింది.

ఈసారి గరిష్ఠ కరెంటును కాక ఐసీ పరిమితినే కొలబద్దగా పెట్టుకుని, లోహపు పొడిని తీగచుట్టతో కలిపి అచ్చుపోసిన మోల్డెడ్ రకంలో, సాచురేషన్ కరెంటు 5 ఆంపియర్లకు పైబడినదాన్ని ఎంచుకున్నాను. ఈ రకంలో ఇండక్టెన్సు మెల్లగా వాలుతుంది తప్ప కూలిపోదు. దాని తీగ నిరోధం 60 మిల్లీఓములు కాబట్టి 2 ఆంపియర్ల దగ్గర పావు వాటు దాకా వేడిగా పోతుంది, కోర్ నష్టం కూడా ఫెర్రైట్ కంటే ఎక్కువే. కానీ మోడెం 2 ఆంపియర్లు లాగేది సెకనుకు 217 సార్లు, సారికి 577 మైక్రోసెకన్లే కనుక ఆ ఖర్చును ఒప్పుకున్నాను. ఆ 217 హెర్ట్జ్ లయకే కాబోలు, పాత కాయిల్ చేసే సన్నని రొద కూడా ఆగిపోయింది.

తరువాత ఒక బోర్డులో మాత్రం సీటీ రీడింగు చివరి అంకె కదులుతూనే ఉంది. చూస్తే కాయిల్ మీద చుట్ట మొదలును సూచించే చుక్క అటుదిటుగా ఉంది. వోల్టేజీ క్షణక్షణం ఎగిరిపడే స్విచ్ నోడ్‌కు (ఐసీ స్విచ్, కాయిల్ కలిసే చోటుకు) లోపలి చుట్టను కలిపితే పై చుట్టలే దానికి తెరగా నిలుస్తాయి. తిరగేస్తే ఎగిరిపడే చివరే బయటికి వస్తుంది, దాని విద్యుత్ క్షేత్రాన్ని అయస్కాంత కవచం ఆపలేదు. కాయిల్‌ను తిప్పి అతికించాక అంకె నిలిచింది. బోర్డు మీద కూడా అదే వైపు ఒక చుక్క ముద్రించమని చెప్పాను.