డబుల్ బ్రెస్ట్ కోటు, దాని జత ప్యాంటు: అమ్మకం ఎక్కడిదాకా వచ్చిందంటే

పోయిన నెల నేను అమ్మిన పాత అర్మానీ (ఇటలీ ఫ్యాషన్ బ్రాండ్) సెట్ తిరిగొచ్చింది: ముందు రెండు వరసల గుండీలుండే డబుల్ బ్రెస్ట్ కోటు, దాని జత ప్యాంటు. కోటు బాగుందట, ప్యాంటు నడుము దగ్గర పట్టేస్తోందట. తప్పు నాదే. లేబుల్ మీద 50 అని ఉంటే, ఇటాలియన్ 50 అంటే అమెరికన్ 40 అని రాసి ఊరుకున్నాను. టేపు పెట్టి చూస్తే నడుము 33 అంగుళాలే వచ్చింది. ప్యాంటు తిరగేస్తే సంగతి తెలిసింది: వెనక కుట్టును ఎవరో ఎప్పుడో లోపలికి పట్టించారు. పాత కుట్టు తాలూకు సూది రంధ్రాలు వరసగా కనిపిస్తున్నాయి. లోపల ఒకటిన్నర అంగుళం బట్ట మిగిలే ఉంది. కావలసినవాళ్లు విప్పించుకోవచ్చు.

ఈసారి అన్నీ కొలిచాను. బట్టను బల్ల మీద పరిచి, గుండీలు పెట్టి, లాగకుండా కొలవాలి. కోటు చంక నుంచి చంకకు 22 అంగుళాలు, భుజాలు 19.5, చేతి పొడవు 24.5. ప్యాంటు లోపలి కాలు పొడవు 30, కింద మడతలో ఇంకో 2 అంగుళాలు. టేపు మీది అంకె కనపడేలా ప్రతి కొలతకూ ఒక ఫొటో తీశాను.

ఉన్ని బట్ట కాబట్టి పురుగు భయం ఉంటుంది. ప్యాంటును కిటికీకి ఎదురుగా ఎత్తి పట్టుకుంటే మోకాలి పైన మూడు చోట్ల గుండుసూది మొనంత వెలుగు కనిపించింది. బల్ల మీద పరిచి ఎన్నిసార్లు చూసినా దొరకని రంధ్రాలవి. సెట్టును గాలి తీసేసిన కవరులో పెట్టి, మైనస్ 18 డిగ్రీల ఫ్రీజర్‌లో రెండు వారాలు ఉంచాను. బయటికి తీశాక చల్లదనం పోయేదాకా కవరు విప్పకూడదు, లేదంటే బట్ట మీద తేమ పడుతుంది. ఆ తర్వాత రఫూ చేయించాను. చేసిన చోటును దగ్గర నుంచి ఫొటో తీసి పెట్టాను. కలరా ఉండల వాసన పోవడానికి నీడలో ఆరు రోజులు ఆరేశాను. సెంటు కొట్టి ఆ వాసన కప్పిపుచ్చడం నాకు ఇష్టం లేదు.

ఫొటోలకే ఎక్కువ టైమ్ పట్టింది. 1975లో సొంత కంపెనీ పెట్టిన జార్జియో అర్మానీకి పేరు తెచ్చింది లోపలి గట్టి గుడ్డ, బరువు తగ్గించి మెత్తగా జారేలా చేసిన కోట్లే. అలాంటి కోటును సన్నటి హ్యాంగర్‌కు తగిలిస్తే సంచిలా వేలాడుతుంది. బొమ్మకు తొడిగి, లోపల దాగి ఉండే గుండీ కూడా పెడితేనే లాపెల్ (మెడ కింద ముందువైపు వెనక్కి మడిచి ఉండే పట్టీ) సరిగ్గా పడి, భుజం నుంచి కిందికి ఆ ఒంపు కనిపించింది. చూస్తుంటే ముచ్చటేసింది. ట్యూబ్‌లైట్ కింద బూడిద రంగు నీలంగా వచ్చింది. ఎండ నేరుగా పడని పగటి వెలుతురులో మళ్లీ తీశాను.

లేబుల్ మీద సంవత్సరం లేదు. భుజాల వెడల్పు, ప్యాంటు మడతలు చూసి 1980ల నాటిది అనుకుంటున్నాను. అందుకే వివరణలో 'అంచనా' అనే మాట వదలలేదు.

కోటు ఒక్కటే ఇస్తారా అని ముగ్గురు అడిగారు. ఒప్పుకుంటే మొదటి రోజే అమ్ముడుపోయేది, కానీ మనసు ఒప్పలేదు. ఒకే తానులోంచి కోసిన బట్ట ఇది. విడదీస్తే ఆ ప్యాంటుకు మళ్లీ జత దొరకదు.

పదకొండో రోజున సెట్టుగానే అమ్ముడైంది. మడతల మధ్య టిష్యూ పేపర్, కోటు చేతుల్లో కూడా కొంచెం టిష్యూ కూరి, తడి తగలని కవరులో చుట్టి, గట్టి అట్టపెట్టెలో పంపాను. జేబులో దొరికిన విడి గుండీని చిన్న కవరులో పెట్టి జత చేశాను. నిన్న అందిందట. వెనక కుట్టు విప్పిస్తే ఎంత వస్తుందని కొన్నాయన మళ్లీ అడిగారు. ఒకటిన్నర అంగుళం అని చెప్పి, లోపలి వైపు ఫొటో ఇంకోసారి పంపాను.