ఆటిజం ఉన్న కుటుంబాలకు తోడు ఎక్కడ దొరుకుతుంది

ఆటిజం నిర్ధారణ అయిన రోజున కుటుంబం చేతికి వచ్చే కాగితంలో చాలా పేర్లుంటాయి. స్పీచ్ థెరపీ, ఆక్యుపేషనల్ థెరపీ, స్పెషల్ ఎడ్యుకేషన్, వారానికి ఇన్ని గంటలు, ఆరు నెలల తర్వాత మళ్ళీ పరీక్ష అని వరసగా రాసి ఉంటుంది. ఒక్క మనిషి పేరు మాత్రం ఉండదు. ఇదే పరిస్థితిని మనకంటే నాలుగైదేళ్ళ ముందు ఎదుర్కొన్న తల్లిదండ్రులు ఎవరైనా దగ్గరలో ఉన్నారా, పెరిగి పెద్దవారైన ఆటిస్టిక్ (ఆటిజం ఉన్న) వ్యక్తులతో మాట్లాడే వీలుందా అన్న ప్రశ్నలకు ఆ కాగితంలో జవాబు దొరకదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం 2021 నాటికి సుమారు 127 మందిలో ఒకరికి ఆటిజం ఉంది. అంత పెద్ద సంఖ్యలో ఉండి కూడా ఒకరికొకరం కనబడకుండా బతుకుతున్నాం. ఆటిస్టిక్ అబ్బాయికి తల్లిగా, ఒక చిన్న బృందంలో చాలాకాలంగా ఉన్న సభ్యురాలిగా, ఆ తోడును వెతుక్కోవడం గురించి నాకు తెలిసినంతలో రాస్తున్నాను. తల్లిదండ్రుల బృందం ఎంత అవసరమో ఆటిస్టిక్ పెద్దల పరిచయం కూడా అంతే అవసరమని నా గట్టి అభిప్రాయం. మొదటిదాన్ని చాలామంది ఎలాగోలా చేరుకుంటారు; రెండోదాని జోలికి ఏళ్ళ తరబడి వెళ్ళరు.

తల్లిదండ్రుల బృందాలు మొదలైన తీరు తెలిస్తే వాటి బలం ఎక్కడుందో అర్థమవుతుంది. 1950, 60 దశకాల్లో, తల్లి ప్రేమగా చూడకపోవడం వల్లనే బిడ్డకు ఆటిజం వస్తుందన్న వాదం నిపుణుల్లోనే చెలామణీలో ఉండేది. అమెరికాలో బ్రూనో బెటెల్‌హైమ్ అనే మనస్తత్వ నిపుణుడు దానికి విస్తృత ప్రచారం కల్పించారు. ఒకవైపు ఆ నిందను మోస్తూ, మరోవైపు తమ పిల్లలను ఏ బడీ చేర్చుకోక అవస్థపడుతున్న తల్లిదండ్రులు కొందరు 1962లో లండన్‌లో ఒక సంఘం పెట్టుకున్నారు. నేషనల్ ఆటిస్టిక్ సొసైటీగా ఎదిగింది అదే. దాని స్థాపకుల్లో ఒకరైన లోర్నా వింగ్ మానసిక వైద్యురాలు, ఆటిస్టిక్ కూతురికి తల్లి కూడా. సిబిల్ ఎల్గర్ అనే ఉపాధ్యాయురాలి ఆధ్వర్యంలో ఆ సంఘం 1965లో సొంతంగా బడి తెరిచింది. అదే ఏడాది అమెరికాలో బెర్నార్డ్ రిమ్‌లాండ్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త, తానూ ఆటిస్టిక్ కొడుకున్న తండ్రే కావడంతో, మరికొందరు తల్లిదండ్రులను కూడగట్టి అక్కడి జాతీయ సంఘాన్ని స్థాపించారు. నేరం తమది కాదని ఒకరికొకరు చెప్పుకోవడంతోనే ఆ సంఘాల పని మొదలైంది.

ఇప్పటికీ కొత్తగా వచ్చేవారికి ముందు కావలసింది ఆ మాటే. మా బృందానికి మొదటిసారి వచ్చిన ఒక తండ్రి లావుపాటి ఫైలు ఒళ్ళో పెట్టుకుని, ఎవరైనా అడిగితే విప్పి చూపిద్దామన్నట్టు దాని తాడు పట్టుకుని కూర్చున్నారు. ఫైలు సంగతి ఎవరూ ఎత్తలేదు. పక్కనే ఉన్న పెద్దావిడ, “మీవాడు రాత్రిళ్ళు పడుకుంటున్నాడాండీ?” అని అడిగారు. “మూడింటికి లేచిపోతాడండీ, ఇంక పడుకోడు” అన్నారాయన. “మరి మీరిద్దరూ వంతులు వేసుకుంటున్నారా?” అంది ఆవిడ. అంతే, తర్వాత గంటసేపు నిద్ర గురించే మాట్లాడుకున్నాం: మధ్యలో లేచినప్పుడు లైటు వేయకపోవడం, పగటి నిద్ర వేళలు రాసిపెట్టుకోవడం, గురక గానీ మూర్ఛ లక్షణాలు గానీ కనిపిస్తే డాక్టరుకు ఏమని వివరంగా చెప్పాలన్నది. ఆటిజం ఉన్నవారిలో నిద్ర సమస్యలూ మూర్ఛలూ మిగతావారికంటే ఎక్కువగా ఉంటాయి కనుక ఈ మాటలు ఊసుపోక చెప్పుకునేవి కావు. ఏ పంటి డాక్టరు మొదటిసారి పిల్లవాణ్ణి ఊరికే కుర్చీలో కూర్చోబెట్టి పంపించేంత ఓపిక ఉన్నవారో, వైకల్య ధ్రువపత్రం దరఖాస్తులో ఏ గడి సరిగ్గా నింపకపోతే వెనక్కి వస్తుందో, ఏ బడిలో టీచరు మాట వింటుందో ఇలాంటి చోటే తెలుస్తుంది.

బృందం దొరకడం కష్టమని చాలామంది అంటారు గానీ, అడిగే పద్ధతి మారిస్తే కొంత సులువవుతుంది. థెరపిస్టును “వేరే కుటుంబాల నంబర్లు ఇవ్వండి” అని అడిగితే, ఇతరుల వివరాలు ఇవ్వకూడదు కనుక, ఆమె ఇవ్వరు, ఇవ్వకపోవడమే సరైనది. “మా నంబరు మీ దగ్గరకు వచ్చే పాత కుటుంబాల్లో ఎవరికైనా ఇస్తారా, వాళ్ళకు ఇష్టమైతే మాట్లాడతారు” అని అడగండి. దాదాపు ఎవరూ కాదనరు. థెరపీ గది బయట వేచి ఉండే కుర్చీలు కూడా మంచి చోటు. జాతీయ స్థాయి ఆటిజం సంఘం ఉన్న చోట దాని హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేసి, దగ్గరలోని శాఖ గురించీ, పుస్తకాలు, శిక్షణ తరగతుల గురించీ కనుక్కోవచ్చు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2 నుంచి 9 ఏళ్ళ పిల్లల సంరక్షకుల కోసం ఒక శిక్షణ కార్యక్రమం రూపొందించింది. అందులో తొమ్మిది బృంద సమావేశాలు, మూడు ఇంటి సందర్శనలు ఉంటాయి. నడిపేవారు పెద్ద నిపుణులే కానక్కర లేకుండా దాన్ని తయారు చేశారు. ఆటలోనూ ఇంటి పనుల్లోనూ బిడ్డను కలుపుకోవడం, తనకు కావలసింది చెప్పే దారి చూపడం, తల్లిదండ్రులు తమ గురించి తాము కూడా పట్టించుకోవడం అందులో నేర్పుతారు. ఇంట్లో కూర్చుని ఉచితంగా నేర్చుకునే ఆన్‌లైన్ రూపం కూడా ఉంది. నిపుణుల అపాయింట్‌మెంట్ కోసం నెలలు వేచి ఉండే కుటుంబం ఆ ఖాళీ సమయంలో మొదలుపెట్టదగిన పని ఇదేనని నాకనిపిస్తుంది.

దొరికిన ప్రతి బృందమూ మంచిదేనని అనుకోవడానికి లేదు. ఆటిజాన్ని పూర్తిగా నయం చేస్తామని చెప్పేవారు ఎక్కడైనా ఉంటారు, వాళ్ళకు తల్లిదండ్రుల బృందాలే అనువైన చోటు. 1998లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చిన ఒక వ్యాసం తట్టు టీకాకూ ఆటిజానికీ ముడిపెట్టింది. 2010లో ఆ పత్రికే దాన్ని ఉపసంహరించుకున్నా, ఆ భయం బృందాల్లో నేటికీ చేతులు మారుతూనే ఉంది. శరీరంలోని లోహాలను తొలగిస్తామంటూ చేసే కీలేషన్ చికిత్స తీసుకుంటూ 2005లో అమెరికాలో ఒక అయిదేళ్ళ బాలుడు చనిపోయాడు. బ్లీచింగ్‌కు వాడే క్లోరిన్ డయాక్సైడ్‌ను మందుగా తాగించవద్దని అక్కడి ఔషధ నియంత్రణ సంస్థ హెచ్చరించవలసి వచ్చిందంటే పరిస్థితి ఎంతదాకా వెళ్ళిందో ఊహించవచ్చు. కాబట్టి ఎవరైనా ఏదైనా సూచించినప్పుడు దాని వల్ల సూచించినవారికి డబ్బు ముడుతుందా, పని చేయకపోతే తప్పు బిడ్డ మీదకో తల్లి మీదకో నెట్టేస్తారా అని నేను మొదట చూస్తాను. మరొకటి కూడా చూస్తాను. మెల్ట్‌డౌన్‌లో, అంటే ఒత్తిడి భరించలేక తమను తాము అదుపు చేసుకోలేని స్థితిలో, ఉన్న పిల్లల వీడియోలను వాట్సాప్ గ్రూపులో పెట్టి సలహా అడగడాన్ని నిర్వాహకులు ఆపుతున్నారా లేదా? ఆపని చోట నేను ఉండను. ఆ పిల్లవాడికి రేపు పాతికేళ్ళు వస్తాయి, ఆ వీడియో మాత్రం ఎవరి ఫోన్‌లోనో మిగిలే ఉంటుంది.

ఇక ఆటిస్టిక్ పెద్దల సంగతి. తల్లిదండ్రుల సమావేశాల్లో తమ గురించి మాట్లాడుకుంటుంటే వింటూ కూర్చోవడం తప్ప తమకంటూ చోటు లేదని గ్రహించిన కొందరు 1992లో ఆటిజం నెట్‌వర్క్ ఇంటర్నేషనల్ అనే సంఘం పెట్టుకున్నారు. దాని స్థాపకుల్లో ఒకరైన జిమ్ సింక్లెయిర్ 1993లో టొరంటోలో జరిగిన సమావేశంలో తల్లిదండ్రులనే ఉద్దేశించి మాట్లాడారు: మీరు దుఃఖిస్తున్నది మీరు ఊహించుకున్న బిడ్డ రాలేదని, ఆ దుఃఖం ఎదురుగా ఉన్న మా మీద వేయకండి అన్నది ఆ ప్రసంగ సారాంశం. వినడానికి కటువుగానే ఉంటుంది. 1996 నుంచి వాళ్ళు నిర్వహించిన వార్షిక శిబిరాల్లో పుట్టిన ఒక చిన్న ఏర్పాటు ఇప్పుడు ఎన్నోచోట్ల వాడుకలో ఉంది. మెడలో వేసుకునే బ్యాడ్జిలో రంగు కార్డు ఉంటుంది: ఎరుపైతే నన్ను ఎవరూ పలకరించవద్దని, పసుపైతే తెలిసినవాళ్ళు మాత్రమే పలకరించమని, ఆకుపచ్చైతే మాట్లాడాలని ఉంది గానీ మొదలుపెట్టడం నాకు కష్టం, మీరే పలకరించండని అర్థం. మా బృందంలో ఇది మొదలుపెట్టాక అందరికంటే ముందు ఎరుపు కార్డు తీసుకున్నది ఒక తల్లి!

ఆటిస్టిక్ వ్యక్తి నుంచి మాత్రమే తెలిసే సంగతులుంటాయి. మావాడు జుట్టు కత్తిరించుకోవడానికి కూర్చునేవాడు కాదు. కత్తెర చప్పుడంటే భయమని మేమూ, థెరపిస్టూ కూడా అనుకుని ఆ చప్పుడు అలవాటు చేసే పనిలో ఉండేవాళ్ళం. బృందానికి వచ్చే ఒక ఆటిస్టిక్ యువకుడు విని, చప్పుడు సరేగానీ, కత్తిరించిన వెంట్రుకలు మెడ మీద పడి గుచ్చుకుంటాయి, పైగా అది ఎప్పుడు అయిపోతుందో తెలియదు, ఆ రెండూ కలిస్తే తనకు ఇప్పటికీ భరించడం కష్టమని చెప్పాడు. మెడ చుట్టూ బిగువుగా తువ్వాలు కట్టి, ఎదురుగా టైమర్ పెట్టి, అది మోగగానే ఎంతవరకు అయితే అంతవరకే ఆపేయమన్నాడు. సగం క్రాపుతో వారం తిరిగినా పరవాలేదన్నాడు. మావాడు అలాగే తిరిగాడు కూడా. ఇప్పుడు పూర్తయ్యేదాకా కూర్చుంటాడు. పరిశోధకుడు డేమియన్ మిల్టన్, ఆయనా ఆటిస్టిక్ వ్యక్తే, 2012లో ప్రతిపాదించిన సిద్ధాంతం దీనికి దగ్గరగా ఉంటుంది: ఆటిస్టిక్ వ్యక్తులు ఇతరులను అర్థం చేసుకోలేరని అంటాం గానీ, ఇతరులు కూడా వారిని అంతగానే అర్థం చేసుకోలేకపోతున్నారని, పొరపాటు రెండు వైపులా ఉందని ఆయన వాదన.

దీనికి తల్లిదండ్రుల నుంచి ఒక అభ్యంతరం వస్తుంది. “చక్కగా మాట్లాడి ఉద్యోగం చేసుకునే మనిషి, మాటలు రాని, రోజంతా తోడు కావలసిన మా అమ్మాయి తరఫున ఎలా మాట్లాడతారు?” అని అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. అవసరాలు ఒకటి కావు, ఎవరూ ఎవరి తరఫునా పూర్తిగా మాట్లాడలేరు. అయితే మాటలు రానివారిలో కూడా బొమ్మల కార్డులతో, ట్యాబ్‌తో, సొంతంగా టైప్ చేసి తమ సంగతి చెప్పేవారున్నారు, వారినీ బృందాలకు పిలవాలి. మావాడు ట్యాబ్‌లో బొమ్మలు నొక్కి మాట్లాడతాడు. ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పాలి. సహాయకుడు చెయ్యి పట్టుకుని టైప్ చేయించే పద్ధతిలో వచ్చే మాటలు సహాయకుడివే అవుతున్నాయని పరీక్షల్లో తేలింది, అమెరికాలోని స్పీచ్ థెరపిస్టుల సంఘం 2018లో ఆ పద్ధతిని వాడవద్దని ప్రకటించింది. వేలు ఎవరిదో, నిర్ణయం కూడా వారిదే అయి ఉండాలి.

పెద్దయ్యాక నిర్ధారణ అయినవారికి తల్లిదండ్రుల బృందం సరిపడదు; వారు నేరుగా ఆటిస్టిక్ వ్యక్తులు నడిపే బృందాలకే వెళ్ళడం మేలు. తోబుట్టువులకు వేరే సమావేశం ఉండాలి. అమ్మానాన్నల ముందు “నాకు విసుగొచ్చింది” అనలేని పిల్లలు అక్కడ అంటారు.

బృందంలో ఏ చర్చ ఎక్కడ మొదలైనా చివరికి చేరేది “మా తర్వాత వీడి గతేమిటి” అన్న చోటికే. ఐక్యరాజ్యసమితి 2006లో ఆమోదించిన వికలాంగుల హక్కుల ఒప్పందం 12వ అధికరణం, వైకల్యమున్నవారికి చట్టం ముందు ఇతరులతో సమానమైన సామర్థ్యం ఉందనీ, నిర్ణయాలు తీసుకోవడంలో కావలసిన మద్దతు వారికి ఇవ్వాలనీ చెబుతుంది. దేశదేశానికీ చట్టాలు వేరు కాబట్టి సంరక్షకత్వం, ఆస్తి వ్యవహారాలకు అక్కడి వకీలు సలహా తప్పదు. వకీలు లేకుండా ఇవాళే చేయదగిన పని ఒకటుంది: మనిషిని పరిచయం చేసే కాగితం. నొప్పి పుట్టినప్పుడు ఎలా తెలియజేస్తాడు, ఏ మందులు పడవు, ఎక్కడ తాకితే బెదురుతాడు, మెల్ట్‌డౌన్‌లో ఏం చేయాలి, ఏం చేయకూడదు, ఎవరికి ఫోన్ చేయాలి అన్నవి ఆ మనిషే మాట్లాడుతున్నట్టు “నేను” అని రాస్తారు. బడికీ, ఆస్పత్రికీ, నమ్మకమున్న ఇద్దరు ముగ్గురికీ తలా ఒక ప్రతి ఇస్తారు. మా బృందంలో ఏడాదికొకసారి అందరం కూర్చుని వాటిని తిరగరాస్తాం. కిందటిసారి మావాడు తన కాగితంలో రెండు వాక్యాలు చూపించి ట్యాబ్‌లో “వద్దు” నొక్కాడు. అవి తీసేసి మళ్ళీ అచ్చు వేయించి, పాత ప్రతులు వెనక్కి తెప్పించుకున్నాం.