పియానో వెనక నుంచి చూస్తే

న్యూయార్క్‌లో మ్యూజికల్ నాటకాల ఆడిషన్లకు పియానో వాయించడం నా పని. మా ఆయన హెచ్-1బీ మీద వస్తే నేను డిపెండెంట్‌గా వచ్చాను. వర్క్ పర్మిట్ చేతికొచ్చేదాకా వాయించినా ఇంట్లోనే. వచ్చాక తెలిసినవాళ్లు ఒకరు, పియానిస్ట్ హ్యాండిచ్చాడు కాస్త రమ్మని ఫోన్ చేశారు. అలా ఈ లైన్లో పడ్డాను.

పొద్దున కూర్చుంటే సాయంత్రందాకా ఒకరి వెనక ఒకరు వస్తూనే ఉంటారు. ఒక్కొక్కరికి పాటలో 16 బార్లు, అంటే ఓ అర నిమిషం. గదిలోకి రాగానే ముందు నా దగ్గరికే వస్తారు. ఫైలు తెరిచి ఎక్కడ ఎత్తుకోవాలో, ఎక్కడ ఆపాలో చూపించి, వేగం తెలియడానికి ఒక లైను నాకొక్కదానికే వినపడేలా కూనిరాగం తీస్తారు. కొందరు నా మొహం మీద చిటికెలు వేసి చూపిస్తారు, ఒళ్లు మండుతుంది. అనుభవం ఉన్నవాళ్ల కాగితాలు వెనకా ముందూ అతికించి ఉంటాయి, స్టాండ్ మీంచి జారవు, తిప్పితే అంటుకోవు. ఆ ఫైలు చూస్తే చాలు, మనిషి ఎన్నాళ్లుగా ఈ గదుల చుట్టూ తిరుగుతున్నాడో తెలిసిపోతుంది.

ఈ ఊళ్లో పెద్ద నాటకాలన్నీ ఆడే బ్రాడ్‌వేలో ఉన్నవి 41 థియేటర్లు. బాగానే ఉన్నాయి కదా అనిపిస్తుంది గానీ, వాటిలో కొన్నింటిని ఒకే షో ఏళ్ల తరబడి పట్టుకుని కూర్చుంటుంది. ఉద్యోగం దొరికిందా, వారానికి 8 ఆటలు. చాలా షోలకు సోమవారం సెలవు. తెర లేవడానికి అరగంట ముందే సంతకం పెట్టాలి. టికెట్లు తగ్గాయంటే ఒకరోజు షో మూసేస్తున్నామని నోటీసు వస్తుంది, అందరూ మళ్లీ నా పియానో ముందుకే. 2020 మార్చి 12న అయితే అన్నీ ఒకేసారి మూతపడ్డాయి. చాలా షోలు మరుసటి ఏడాది సెప్టెంబరు దాకా తెరవలేదు.

నాకు బాగా తెలిసిన కుర్రాడు ఒకడున్నాడు, బ్రెజిల్ నుంచి వచ్చాడు. ఒక షోలో స్వింగ్. బృందంలో ఎవరికి జ్వరమొచ్చినా, కాలు బెణికినా వాళ్ల బదులు ఎక్కేవాడే స్వింగ్. ఒక్కడే చాలామంది అడుగులూ పాటలూ మాటలూ గుర్తుపెట్టుకోవాలి. స్టేజీ అంచున మధ్య నుంచి రెండు వైపులా అంకెలుంటాయి. ఏ పాటలో ఎవరు ఏ అంకె మీద నిలబడతారో రంగు పెన్సిళ్లతో గీసుకున్న నోట్‌బుక్ వాడి సంచిలో ఎప్పుడూ ఉంటుంది. వాడు ఎక్కిన రోజున వాడి పేరుతో చిన్న చీటీ ప్రోగ్రాంలో పెట్టి పంచుతారు. ప్రేక్షకులు దాన్ని కింద పడేసి పోతారు. వీడు మాత్రం దాచుకుంటాడు. జ్ఞాపకం కోసమా అంటే కాదు, లాయరు కోసం. కళాకారులకిచ్చే ఓ-1బీ వీసా పొడిగించాలంటే తాను మామూలు నటుడు కాదని కాగితాలతో చూపించాలి: పేపర్లో వచ్చినవి, పేరున్నవాళ్ల ఉత్తరాలు, యూనియన్ అభిప్రాయం. ఈ టెన్షన్ నాకు కొత్త కాదు, ఐటీ ఇళ్లలో అందరం పడుతున్నదే. తేడా ఏమిటంటే సెలవు సోమవారాల్లో వాడు సొంత నాటకానికి పాటలు రాసుకుంటాడు, వీసా ఫైల్లో వాటికి బరువు లేదు, ఎవరూ వాటిని ఇంకా స్టేజీ ఎక్కించలేదు కాబట్టి.

అసలు వాడి బతుకంతా ఆ పాటల్లోనే ఉంది. ఫోన్లో పాడి పంపుతాడు, నేను విని పియానోకు నొటేషన్ రాసిస్తాను. నా అభిప్రాయం అడిగితే మొహమాటపడను. నాటకంలో పాట అందంగా ఉంటే చాలదు. పాట మొదట్లో ఉన్న మనిషి పాట చివరికి ఏదో ఒకటి తేల్చుకోవాలి, లేకపోతే అసలు ప్రారంభానికి ముందు వేసే ప్రివ్యూ ఆటల్లోనే కోసేస్తారు. వాడి పాటల్లో సగం మంచి మూడ్ మీద మొదలై అక్కడే తిరుగుతుంటాయి. మ్యూజికల్ రచయితల కోసం 1961 నుంచి నడుస్తున్న బీఎమ్ఐ లేమన్ ఎంగెల్ వర్క్‌షాప్‌కి అప్లై చెయ్యమని పోరుతున్నాను. ఫీజు లేదు, తోటి రచయితల ముందు పాట వినిపించి తిట్లు తినొచ్చు. ఇంకోమాట కూడా చెప్పాను: ఆడిషన్‌లో సొంత పాట ఎత్తుకోవద్దని. అవతల కూర్చున్నవాళ్లు గొంతు వినడం మానేసి పాట ఎవరిదా అని ఆలోచిస్తారు.

డబ్బు లెక్క విచిత్రంగా ఉంటుంది. నటుడిగా వారం వారం జీతం, యూనియన్ ఉంది, కానీ పాత్ర వాడిది కాదు. రచయితకు జీతం లేదు. డ్రమటిస్ట్స్ గిల్డ్ అని నాటక రచయితల సంఘం ఉంది గానీ అది కార్మిక యూనియన్ కాదు. కాకపోతే కాపీరైట్ రచయిత చేతిలోనే ఉంటుంది, నిర్మాత ఆడించుకునే హక్కు మాత్రమే తీసుకుంటాడు. లిన్-మాన్యుయెల్ మిరాండా తానే రాసిన హామిల్టన్ నాటకంలో హీరో వేషం 2016లో వదిలేసి వెళ్లిపోయాడు. షో ఇప్పటికీ ఆడుతోంది, పాటలు ఆయనవే. షైనా టాబ్ 2024లో తాను రాసిన సఫ్స్ నాటకంలో తానే ప్రధాన పాత్ర వేసి, స్క్రిప్టుకూ పాటలకూ బ్రాడ్‌వేలో పెద్దవైన టోనీ అవార్డులు తీసుకుంది. మావాడు ఈ రెండు కథలే చెబుతుంటాడు. అదే దారిలో బయల్దేరి ఎక్కడో ఆగిపోయినవాళ్లు రోజూ నా ముందు నిలబడి పాడుతుంటారు, వాళ్ల ఊసెత్తడు.

ఇప్పుడు వాడి నాటకానికి రీడింగ్ పెట్టుకున్నాం. వేషాలుండవు, సెట్టుండదు, స్టాండ్ల ముందు నిలబడి చదవడం, పాడటం. యూనియన్ నిబంధన ప్రకారం రిహార్సల్, ప్రదర్శన అన్నీ కలిపి 29 గంటలు దాటకూడదు. హీరో నేనే వేస్తానని మొదట పట్టుబట్టాడు. వేస్తే నాటకం ఎక్కడ కుంటుతోందో ఎలా తెలుస్తుంది, వెనక కూర్చుని విను అన్నాను. రెండు రోజులు మాట్లాడలేదు, తర్వాత ఇంకో నటుణ్ని పిలిచాడు. రెండో అంకంలో పాట మాత్రం రోజుకోరకంగా మారుస్తున్నాడు. మంగళవారం రాత్రిలోగా పంపకపోతే జెరాక్సులు తీయించడం నా వల్ల కాదని మెసేజ్ పెట్టాను. చూశాడు, ఇంకా పంపలేదు.