మేనమామ ఇంటిపేరు

బర్మింగ్‌హామ్‌లో ఉంటున్న మా అక్క కొడుకు లండన్ తీసుకెళ్తానంటే, నేను పోవిస్ కోట చూపించరా అన్నాను. రాబర్ట్ క్లైవ్ వంశానికి చెందిన కోట అది. బడిలో నేను చదువుకున్న క్లైవ్ 1757లో ప్లాసీ దగ్గరే ఆగిపోయాడు. తర్వాత ఆ ఇల్లు ఏమైందో మా మాస్టారు చెప్పలేదు.

ష్రూస్‌బరీ మీదుగా వెల్ష్‌పూల్ వరకు రైలు. ఊరు దాటగానే జింకలు తిరిగే పెద్ద తోట, దాని చివర గుట్ట మీద ఎర్రరాయి కోట. లోపలికి వెళ్లేసరికి మావాడికి ఆకలి, నాకేమో గోడల మీద పటాల్లో ఎవరు ఎవరికి ఏమవుతారో తేల్చుకోవాలన్న ఆరాటం.

కోట అసలు హెర్బర్ట్‌లది. పేరు పాతది, బిరుదు పెద్దది, అప్పులు అంతకన్నా పెద్దవి. క్లైవ్‌లది ఇండియా డబ్బు. క్లైవ్ కొడుకు ఎడ్వర్డ్ 1784లో ఆ ఇంటి ఆడపడుచు హెన్రియెట్టాను చేసుకున్నాడు. ఇలాంటి సంబంధాలు మన దగ్గరా ఎన్ని చూడలేదు! ఆమె అన్న పోవిస్ ప్రభువు. పెళ్లి చేసుకోకుండానే 1801లో పోయాడు. అప్పటికి బావగారు మద్రాసు గవర్నరు.

ఇక్కడ నాకో చిన్న స్వార్థం ఉంది. మాది అనంతపురం. 1800లో నిజాం మా జిల్లాలను కంపెనీకి రాసిచ్చింది ఈ ఎడ్వర్డ్ క్లైవ్ గవర్నరుగా ఉండగానే. అప్పటి నుంచి మేం 'దత్తమండలాల' వాళ్లమయ్యాం. ఆ మాట మింగుడుపడకే 1928లో రాయలసీమ అని పేరు పెట్టుకున్నాం. దత్తమండలం మనిషిని, వేల్స్ దాకా వచ్చి చూసిందీ ఒక దత్తత లాంటి కథే.

మేనమామ ఆస్తి మేనల్లుడికి రావాలంటే అతను మేనమామ ఇంటిపేరు పెట్టుకోవాలి. గవర్నరుగారి పెద్దకొడుకు, అతని పేరూ ఎడ్వర్డే, 1807లో క్లైవ్ పేరు వదిలి హెర్బర్ట్ అయ్యాడు. ప్లాసీ గెలిచిన తాత పేరును మనవడు అలా పక్కన పెట్టేశాడు. అప్పులు తీర్చి కోటను నిలబెట్టింది మాత్రం తాత డబ్బే. తండ్రి మాత్రం క్లైవ్‌గానే ఉండిపోయాడు. బావమరిదితో అంతరించిన పోవిస్ బిరుదు 1804లో మళ్లీ ఆయనకే వచ్చింది. 1839లో ఆయన పోయాక అది కొడుక్కి దక్కింది.

ఈ కొడుకు అల్లాటప్పా మనిషి కాదు. 1847లో కేంబ్రిడ్జ్ ఛాన్సలర్ పదవికి ఏకంగా విక్టోరియా రాణి భర్త మీద పోటీకి దిగి, ఓ వంద పైచిలుకు ఓట్ల తేడాతో ఓడిపోయాడు. మరుసటి ఏడు వేటలో పొరపాటున సొంత కొడుకు తుపాకీ గుండు తగిలి చనిపోయాడు.

క్లైవ్ మ్యూజియం గదిలో టిప్పు సింహాసనం మీది బంగారు పులి తల ఉంది. అందరూ దాని చుట్టూనే మూగారు. నేను టిప్పు డేరా దగ్గర ఎక్కువసేపు నిలబడ్డాను. అద్దకం పూల గుడ్డ. మా అమ్మ పెట్టెలో ఉండే మచిలీపట్నం దుప్పటే గుర్తొచ్చింది. హెన్రియెట్టా ఇద్దరు ఆడపిల్లలనూ వెంటబెట్టుకుని 1800లో మద్రాసు నుంచి బెంగళూరు, మైసూరు అంతా తిరిగింది. ఆస్తి దక్కిన కొడుకేమో అప్పుడు ఇంగ్లండ్‌లో చదువుకుంటున్నాడు.

బయట మెట్లమెట్లుగా దిగే తోట, మేఘాల్లా కత్తిరించిన చెట్లు, వాటి నీడన ఒక నెమలి. దాన్ని చూడగానే మావాడు, "ఇదీ మనదేనా మామయ్యా?" అన్నాడు.

బెంచీ మీద కూర్చుని తెచ్చుకున్న పులిహోర డబ్బా విప్పాం. రెండు ముద్దలు తిన్నాక వాడు, "మామయ్యా, నేనూ నీ ఇంటిపేరు పెట్టుకుంటే నాకేమిస్తావు?" అన్నాడు.

"ఫ్లాటు ఉందిగా, ఇస్తాలే" అన్నాను. "ఇంకా పదకొండేళ్ల ఈఎంఐలు ఉన్నాయి."

వాడు మాట మార్చి, ఆవకాయ తెచ్చావా అని అడిగాడు.